రెండు డాలర్ల యాభై ఆరు సెంట్లు

మొన్న సంక్రాంతికి మా అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడు మాటల మధ్యలో ఒక విశేషం చెప్పాడు. వాడు పనిచేసే చోట ఒక పెద్దమనిషి తన గదిలో ఒక చెక్కుకు అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నాడట. దాని విలువ రెండు డాలర్ల యాభై ఆరు సెంట్లు.

"బ్యాంకులో వేసుకోక గోడకు తగిలించుకోవడమేమిట్రా?" అన్నాను.

"అది కనూత్ గారి చెక్కు నాన్నగారూ. ఆయన పుస్తకంలో తప్పు పట్టుకున్నందుకు ఆయనే స్వయంగా వ్రాసి పంపించారు. మా వృత్తిలో అంతకు మించిన బిరుదు లేదు" అన్నాడు.

తప్పు పట్టినవాడికి బహుమానమా! ముప్పై అయిదేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి, పరుల తప్పుల మీద ఎర్రసిరా ఒలికించి బ్రతికిన నాకు ఆ మాట వింతగా తోచింది. మా వాడు ఇరవై ఏళ్ళుగా ప్రోగ్రాములు వ్రాస్తున్నాడు. వాడు చేసే పని ఏమిటో ఏనాడూ నాకు సరిగ్గా బోధపడలేదు. వాడూ చెప్పే ప్రయత్నం చేసి చేసి విరమించుకున్నాడు. ఈసారి మాత్రం నేనే వెంటబడి ఆ కనూత్ గారి వ్యాసాలు, సంభాషణలు కొన్ని కాగితాల మీద అచ్చు వేయించుకున్నాను. నిఘంటువు పక్కన పెట్టుకొని రెండు నెలలు చదివాను. గణితం వచ్చిన చోటల్లా దాటవేశానని ముందే ఒప్పుకుంటున్నాను.

డోనాల్డ్ కనూత్ 1938లో అమెరికాలోని మిల్వాకీలో పుట్టారు. ఇంగ్లీషు వ్రాతలో పేరుకు మొదట ఉన్న 'క' మింగివేసే అక్షరం కాదనీ, పలకవలసినదేననీ ఆయనే చెబుతారు. మన లిపిలో ఆ బాధ లేదు. తండ్రి బడిపంతులు. ఇంట్లో చిన్న అచ్చుపని కూడా చేసేవారు. చర్చిలో ఆర్గన్ వాయించేవారు. కొడుకు జీవితంలో ఈ మూడూ, అంటే బోధన, ముద్రణ, సంగీతం, చివరిదాకా వెంట వచ్చాయి.

ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక మిఠాయి కంపెనీ వారు పిల్లలకు పోటీ పెట్టారట. తమ మిఠాయి పేరులోని అక్షరాలతో ఎన్ని మాటలు కూర్చగలరని ప్రశ్న. ఈ పిల్లవాడు కడుపునొప్పి అని బడి ఎగవేసి, రెండు వారాలు పెద్ద నిఘంటువు ముందు కూర్చుని నాలుగున్నర వేల మాటలు ప్రోగు చేశాడు. న్యాయనిర్ణేతల దగ్గర ఉన్న జాబితాలో రెండున్నర వేలే ఉన్నాయి! బడికి ఒక టెలివిజను బహుమతిగా వచ్చింది. ఇది చదివి నేను గట్టిగా నవ్వుకున్నాను. నిఘంటువు కోసం కడుపునొప్పి తెచ్చుకున్న విద్యార్థి నా సర్వీసు మొత్తంలో ఒక్కడూ తగలలేదు.

1956లో కేస్ ఇన్‌స్టిట్యూట్‌లో భౌతికశాస్త్రం చదవడానికి చేరారు. అక్కడ ఐబీఎం 650 అనే యంత్రం ఉండేది. దానితో ఇచ్చిన పుస్తకంలోని ఉదాహరణలు చూసి, ఇంతకన్న నేనే బాగా వ్రాయగలనే అనుకున్నారట. రాత్రంతా యంత్రం దగ్గరే గడిపేవారు. తరువాత తాను వ్రాసిన మహాగ్రంథం మొదటి సంపుటాన్ని ఏ గురువుకో, దాతకో కాక ఆ యంత్రానికే అంకితమిచ్చారు. మన ప్రబంధ కవులు రాజులకు అంకితమిచ్చారు, పోతన రామచంద్రునికి అంకితమిచ్చాడు. యంత్రానికి కృతి సమర్పణ చేసిన కవిని నేను ఇదే వినడం.

ఆ రోజుల్లోనే పరులు వ్రాసిన ఒక ప్రోగ్రామును ఆయన ఆసాంతం చదివారట. పని జరిపించుకోవడానికి కాదు, అందులోని కూర్పును ఆస్వాదించడానికి. ప్రోగ్రామును ఒకరు వ్రాసి మరొకరు చదువుకొని ఆనందించవచ్చునన్న భావన అక్కడ మొలకెత్తింది. 1984లో దానికి సిద్ధాంతరూపం ఇచ్చారు. ప్రోగ్రామును యంత్రానికి ఇచ్చే ఆజ్ఞలుగా గాక, మనిషికి నచ్చజెప్పే వ్యాసంగా వ్రాయాలనీ, ఆ వ్యాసంలో నుంచి యంత్రానికి కావలసిన వరుసను వేరే ఉపకరణం తీసి ఇస్తుందనీ ఆ పద్ధతి సారాంశం. "మరి నువ్వూ అలాగే వ్రాస్తావా?" అని మా వాడిని అడిగాను. వాడు కాసేపు ఆలోచించి, "వ్రాయాలి నాన్నగారూ. కానీ శుక్రవారానికల్లా ఇవ్వమంటారు" అన్నాడు.

ఇక ఆ మహాగ్రంథం సంగతి. పేరు 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్'. 1962లో ఒక ప్రచురణకర్త ఒక చిన్న విషయం మీద ఒక్క పుస్తకం వ్రాయమంటే, ఆయన పన్నెండు అధ్యాయాల ప్రణాళిక వేసుకున్నారు. చేతివ్రాతలో మూడు వేల పుటలయ్యాక అది ఏడు సంపుటాలవుతుందని తేలింది. మొదటిది 1968లో, రెండవది 1969లో, మూడవది 1973లో వెలువడ్డాయి. నాలుగవ సంపుటంలోని మొదటి భాగం ఎప్పుడు వచ్చిందనుకున్నారు? 2011లో! తరువాతి భాగం 2022లో.

నడుమ ఇంత ఎడం రావడానికి ఒక ముఖ్యకారణం అక్షరాలు. 1977లో రెండవ సంపుటం కొత్త కూర్పు ప్రూఫులు వచ్చాయి. అప్పటికి సీసపు అక్షరాల పద్ధతి పోయి ఫోటో పద్ధతి వచ్చింది. పాత సంపుటాల అందం ఇందులో లేదు. సూత్రాలు చూడబుద్ధి కాకుండా ఉన్నాయి. మరొకరైతే ఒక ఉత్తరం వ్రాసి ఊరుకునేవారు. ఈయన పుస్తకం పక్కన పెట్టి, పుటలను కూర్చే ప్రోగ్రామును తానే వ్రాయ సంకల్పించారు. కొద్ది నెలల పని అనుకున్నది దాదాపు పదేళ్ళు మింగింది. దాని పేరు 'టెక్'. చివరి అక్షరం గ్రీకు 'ఖి'. కళకూ నైపుణ్యానికీ గ్రీకులో ఉన్న మాటకు అది మొదలు. మన సంస్కృతంలో చెక్కు, తొలుచు అనే అర్థంలో 'తక్ష' ధాతువు ఉన్నది. వడ్రంగిని తక్షకుడు అంటాము. ఈ రెండు మాటల మూలం ఒకటేనని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ఈ సంగతి మా వాడికి నేను చెప్పాను. ఈ రెండు నెలల్లో నేను వాడికి నేర్పిన మొదటి విషయం అది.

ఆ ప్రోగ్రాములో నాకు అర్థమైనంతలో ఎంతో నచ్చిన మాట ఒకటి ఉన్నది. మామూలు కంపోజిటరు ఒక పంక్తి నిండగానే విరిచి రెండో పంక్తికి పోతాడు. టెక్ అలా చేయదు. పేరా అంతా ముందు చూస్తుంది. ఎక్కడెక్కడ విరిస్తే మొత్తం మీద వికారం తక్కువో లెక్క కట్టి, అప్పుడు మొదటి పంక్తి విరుస్తుంది. చివరి పంక్తి బాగుండడానికి మొదటి పంక్తి కొంచెం సర్దుకుంటుంది. పద్యం వ్రాసేవారికి ఇది కొత్త కాదు. నాలుగు పాదాలకూ ప్రాస దొరుకుతుందో లేదో చూసుకోకుండా మొదటి పాదం ఖాయం చేసినవాడు మూడో పాదంలో పడే పాట్లు నాకు అనుభవమే.

ఆ ప్రూఫుల కథ చదువుతుంటే నా మనసు 1986కు పోయింది. అప్పట్లో నేను ఒక చిన్న పద్యాల పుస్తకం అచ్చు వేయించాను. మా పక్క ఊళ్ళోని అచ్చాపీసు. సీసపు అక్షరాలు. తలకట్లు, ఒత్తులు విడివిడి ముక్కలు. ఒక ఒత్తు విరిగితే ఆ మాట అర్థమే మారిపోయేది. కంపోజు చేసే ఆయన వృద్ధుడు, కళ్ళజోడు దారంతో చెవికి కట్టుకునేవాడు. మూడు ప్రూఫులు చూసినా పుస్తకం చివర ఒక పుట తప్పొప్పుల పట్టిక చేర్చక తప్పలేదు. దానికి పైన 'ముద్రారాక్షసములు' అని శీర్షిక పెట్టాను. చదివినవారందరూ ఆ అచ్చాపీసు వారిని తిట్టిపోశారు. ఇంతకాలానికి చెబుతున్నాను. ఆ పట్టికలో మూడు తప్పులు ముద్రణవి కావు, నావి. ఒకటి యతిభంగం. రెండు దుష్టసంధులు. నా వ్రాతప్రతిలోనే ఉన్నాయి. ఆ వృద్ధుడు ఉన్నది ఉన్నట్టు కూర్చాడు. ఆయన కాలం చేసి చాలా ఏళ్ళయింది.

కనూత్ చేసినది దీనికి సరిగ్గా తలకిందులు. టెక్ వ్రాస్తున్నప్పుడు తాను చేసిన తప్పులన్నీ ఒక పుస్తకంలో నమోదు చేసుకుంటూ పోయారు. 1989లో ఆ పట్టికను వ్యాసంగా ప్రకటించారు. ఎనిమిది వందల పైచిలుకు తప్పులు! ఊరికే జాబితా వేయడం కాదు, వాటిని పదిహేను జాతులుగా విభజించి ఒక్కో జాతికి ఒక్కో అక్షరం పెట్టారు. ఆలోచనే తప్పినది ఒక జాతి, తెలిసీ పొరబడినది ఒక జాతి, మరిచిపోయినది ఒకటి, భాష వల్ల వచ్చినది ఒకటి, ఉత్త అచ్చుతప్పు ఒకటి. మమ్మటుడు కావ్యప్రకాశంలో పదదోషాలు, వాక్యదోషాలు, అర్థదోషాలు, రసదోషాలు అని పంచినట్లే ఉన్నది. భేదమేమిటంటే మన ఆలంకారికులు ఉదాహరణలు ఇతర కవుల నుంచి తీసుకున్నారు. ఈయన తన నుంచే తీసుకున్నారు.

ఇక బహుమానం లెక్క. రెండు డాలర్ల యాభై ఆరు సెంట్లంటే 256 సెంట్లు. పదహారును పదహారుతో గుణిస్తే 256. మనం పది మూలంగా లెక్కించినట్లు వీరి యంత్రాలకు పదహారు మూలంగా లెక్కించే సంప్రదాయం ఉన్నది. ఆ లెక్కలో ఒకటి పక్కన రెండు సున్నలు పెడితే 256 అవుతుంది. అంటే అది వారి నూరు, వారి పూర్ణ డాలరు. టెక్‌లో తప్పు పట్టినవారికి ఏటేటా రెట్టింపు చేస్తూ 327 డాలర్ల 68 సెంట్ల దాకా పెంచి అక్కడ నిలిపారు. చెక్కుల మీది ఖాతా వివరాలతో మోసాలు జరగసాగిన మీదట 2008లో అసలు చెక్కులు ఆపి, శాన్ సెరిఫ్ అనే ద్వీపపు బ్యాంకు పేరిట ప్రశంసాపత్రాలు ఇవ్వసాగారు. ఆ ద్వీపం ఎక్కడా లేదు. 1977 ఏప్రిల్ 1న ఒక లండను పత్రిక వేళాకోళానికి సృష్టించినది, పేరు ఒక జాతి అచ్చక్షరాలది. మరో చమత్కారం కూడా ఉన్నది. టెక్‌ను సవరించినప్పుడల్లా దాని సంఖ్యకు 'పై' విలువలోని మరో అంకె చేరుతుంది. 2021లో 3.141592653 దాకా వచ్చింది. తన మరణానంతరం దాన్ని 'పై' అని పిలవాలనీ, అటుపైన మిగిలిన తప్పులు తప్పులు కావనీ, అవి దాని లక్షణాలేననీ విధించారు. ఆర్షప్రయోగాలు సాధువులే అన్నట్లు!

ఆయన ఉద్యోగ జీవితమూ ఆలోచింపజేసింది. 1968లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడయ్యారు. 1974లో ఆ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. అయినా 1993లో, యాభై అయిదేళ్ళు నిండే వేళకు, గ్రంథం ముగించాలని పదవి వదులుకున్నారు. అంతకు మూడేళ్ళ ముందే, 1990 జనవరి 1న, ఈమెయిలు మానేశారు. లోకం పైపైన జరిగేది ఎప్పటికప్పుడు తెలుసుకోవలసినవారికి అది అవసరమనీ, తన పని అడుగుకు దిగడమనీ ఆయన వాదం. ఉత్తరాలు పోస్టులో వస్తే గుట్టగా చేరనిచ్చి ఒక్కసారి చూస్తారట. ఇంట్లో ఎనిమిది వందల గొట్టాల ఆర్గన్ పెట్టించుకున్నారు. తన ఎనభయ్యో పుట్టినరోజున, 2018లో, తాను స్వరపరచిన రచనను స్వీడనులో మొదటిసారి వినిపింపజేశారు. భార్యతో కలిసి ప్రయాణాల్లో దారిపక్కన కనిపించే పసుపుపచ్చని హెచ్చరిక పలకలకు ఫోటోలు తీసి భద్రపరిచారు. 'మలుపు ఉన్నది', 'జింకలు దాటును' వంటివి. మా ఆవిడకు ఇది చదివి వినిపిస్తే, "మీకన్న నయం, భార్యను వెంట తీసుకుపోయాడు" అన్నది. నేను పదవీ విరమణ చేసిన మొదటి ఏడాది వరండాలో కూర్చుని దినపత్రిక మూడుసార్లు చదివేవాణ్ణి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ గ్రంథం మొదటి సంపుటంలో 1, 2, 3, 5, 8, 13 అనే సంఖ్యల వరుస గురించి చెబుతూ, 1202లో ఇటలీ దేశపు ఫిబొనాచ్చి వ్రాయడానికి ముందే భారతీయ ఛందోవేత్తలు గోపాలుడు, హేమచంద్రుడు వాటిని చెప్పారని వ్రాశారు. మా వాడు అది చూపించి, "ఇది మీ పాఠమా నాన్నగారూ?" అన్నాడు. మాత్రాప్రస్తారం అది. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. మూడు మాత్రలను మూడు విధాల కూర్చవచ్చు, నాలుగు మాత్రలను అయిదు విధాల, అయిదు మాత్రలను ఎనిమిది విధాల. చివర లఘువు పెడితే ముందు ఒక మాత్ర తక్కువ, గురువు పెడితే రెండు తక్కువ. అందుకే వెనుకటి రెండూ కూడితే తరువాతిది వస్తుంది.

నాకు ఉత్సాహం వచ్చింది. వాడి ముందు కాగితం పెట్టి ఉద్దిష్టం చేసి చూపించాను. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు. వాటి మీద వరుసగా 1, 2, 4, 8 అని రెట్టింపులు వేసుకుంటూ పోయి, లఘువుల మీద ఉన్న అంకెలన్నీ కూడి, ఒకటి కలిపాను. 3,55,799. ఇరవై అక్షరాలకు సాధ్యమైన 10,48,576 వృత్తాలలో ఉత్పలమాల స్థానం అది. వాడు పెన్ను పక్కన పెట్టి నా ముఖం వంక చూశాడు. "నాన్నగారూ, గురువు సున్న, లఘువు ఒకటి. మేము రోజూ చేసే లెక్క ఇదే" అన్నాడు. ఆ రాత్రి పదకొండు దాకా ఇద్దరమూ నష్టం, ఉద్దిష్టం చేసుకుంటూ కూర్చున్నాము. మా ఆవిడ రెండుసార్లు వచ్చి దీపం ఆర్పమన్నది.

మర్నాడు వాడు నాలుగవ సంపుటంలో మరొక చోటు చూపించాడు. అక్కడ 'యమాతారాజభానసలగం' ఉన్నది. తెలుగు బడిలో చదివిన వారందరికీ తెలిసినదే. పది అక్షరాలు. ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడు అక్షరాలు తీసుకుంటే ఆ గణం వస్తుంది. య-మా-తా యగణం, మా-తా-రా మగణం, అలా స-ల-గం సగణం దాకా ఎనిమిది. మన బ్రౌను దొర 1869లో వేసిన సంస్కృత ఛందస్సు పుస్తకంలోనూ ఇది ఉన్నది. ఆధునిక గణితంలో ఇటువంటి మాలకు, 1946లో దాన్ని గురించి వ్రాసిన డి బ్రోయిన్ అనే డచ్చి పండితుని పేరు పెట్టారు. అయితే వారి మాలకు పది అక్షరాలు లేవు, ఎనిమిదే. చివరి ల-గం లఘువు గురువు, మొదటి య-మా కూడా లఘువు గురువు. కనుక చివరి రెండూ తీసివేసి, కొసలు కలిపి వలయం చేస్తే చాలు. ఎనిమిది అక్షరాల చక్రంలో ఎనిమిది గణాలూ ఇమిడిపోతాయి.

అది వింటుండగానే నాకు నోట మాట రాలేదు. ఇది నేను ఇదివరకే విన్నాను.

1988లోనో 89లోనో, తొమ్మిదో తరగతి. నల్లబల్ల మీద ఆ సూత్రం వ్రాసి వివరిస్తున్నాను. మూడో వరుసలో ఒక పిల్లవాడు లేచాడు. సన్నగా ఉండేవాడు, చొక్కాకు పైగుండీ ఉండేది కాదు. "మాస్టారూ, చివరి రెండక్షరాలు ఎందుకండీ? మళ్ళీ మొదటికొస్తే సరిపోద్ది గదండీ. గుండ్రంగా రాస్తే ఎనిమిదే చాలండీ" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదన్న సంగతి పిల్లలకు తెలిసిపోతుందేమోనన్న భయం మాత్రం కలిగింది. "పెద్దలు పెట్టిన సూత్రానికే వంకలు పెడతావురా? గుండ్రంగా వ్రాయడానికి ఇది జిలేబీ కాదు, ఛందస్సు" అని బెంచీ ఎక్కించాను. గంట కొట్టేదాకా నిలబడ్డాడు. ఆ జిలేబీ మాటకు పిల్లలు మరోసారి నవ్వారు. నేనూ నవ్వాను. అటుపైన వాడు నా క్లాసులో లేచి ఏదీ అడిగినట్లు జ్ఞాపకం లేదు. పదో తరగతికి వచ్చేసరికి వెనుక బెంచీకి పోయాడు.

ఇన్నేళ్ళలో ఆ ఉదంతం నాకు ఒక్కసారీ గుర్తు రాలేదు. మా అబ్బాయి కాగితం మీద వలయం గీసినప్పుడు, చొక్కా గుండీతో సహా వచ్చింది. పేరు మాత్రం రాలేదు. ఇంటిపేరు 'క'తో మొదలవుతుందని ఒక లీల. ఆ బ్యాచి వారిలో నాకు ఫోను చేసే ఇద్దరు ముగ్గురిని అడిగాను. ఒకరు వాడు బందరు వైపు వెళ్ళాడన్నారు. ఒకరు ఇంటర్మీడియట్ మధ్యలో మానేసి వాళ్ళ మామయ్య దగ్గర వ్యవసాయంలోకి దిగాడన్నారు. మూడో ఆయన, "మీరు జిలేబీ అన్నారే, వాడా మాస్టారూ?" అన్నాడు. అతనికి ఆ మాట ఇప్పటికీ గుర్తున్నది.

మా వాడితో ఇదంతా చెప్పలేదు. వాడు ప్రయాణమై వెళ్ళాక, కనూత్ గారి పద్ధతిలో ఒక రెండు వందల పుటల నోటుపుస్తకం కొన్నాను. మొదటి పుటలో 1986 నాటి మూడు తప్పులూ, ఎవరి మీద వేశానో సహా, వ్రాశాను. రెండో పుటలో ఎనిమిది అక్షరాలు గుండ్రంగా వ్రాశాను. య, మా, తా, రా, జ, భా, న, స. పక్కన జాతి ఏమిటో వ్రాయవలసి వచ్చింది. కనూత్ గారి పదిహేనింటిలో వెదికాను. భయం వల్ల చేసిన తప్పుకు ఆయన పట్టికలో అక్షరం లేదు. ఆ గడి ఖాళీగా ఉంచాను.

కింద, చెల్లించవలసినది అని, రెండు రూపాయల యాభై ఆరు పైసలు వేశాను. రెండున్నర వరకు నాణేలు దొరికాయి. ఆరు పైసలకు దారి లేదు. అర్ధరూపాయికి తక్కువ నాణేలు 2011లోనే చెలామణీ నుంచి పోయాయి. మా ఆవిడ పోపులపెట్టె అడుగున పాత మూడు పైసల బిళ్ళలు రెండు ఉన్నాయన్నది. వాటిని కూడా కవరులో వేసి ఆ పుటకు గుచ్చాను. కవరు మీద 'క' అని వ్రాసి, తక్కిన పేరుకు చోటు వదిలాను.